నలభై మందికి ఒకే వాయిలో గుడ్డు కుడుము

కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి తరతరాలుగా భివండీకి వచ్చి స్థిరపడిన నేతపనివారికి బిస్సీ అనే మాట కొత్తది కాదు. కుటుంబాన్ని ఊళ్లో విడిచి సాంచాల మీద పనికి వచ్చిన మనిషి నెల లెక్కన డబ్బు కట్టి రెండు పూటలా భోజనం చేసే చోటు బిస్సీ. కొన్ని బిస్సీలు పెద్ద వంటశాలలు. కొన్ని ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద నడిచేవి. తెలుగువారు ఎక్కువగా నివసించే పద్మనగర్, కామత్‌ఘర్ వంటి పేటలలో ఇంటి ఇల్లాలే వండి పది మందికో, నలభై మందికో వడ్డించడం కూడా ఉన్నది. ఈ పాఠం ముఖ్యంగా అటువంటి వంటగదుల కోసం ఉద్దేశించినది. పెళ్లిపనికో, బతుకమ్మ పండుగకో, సంఘం సమావేశానికో ఒక్కపూట పదిమందికి వండవలసి వచ్చిన ఇళ్లకు కూడా ఇది పనికివస్తుంది.

బిస్సీలో పప్పు ప్రతిదినం ఉంటుంది. మాంసం వారానికి ఒకటి రెండుసార్లకు మించదు. ఈ రెండింటికీ నడుమ నిలిచేది కోడిగుడ్డు. పన్నెండు గంటలు మరమగ్గాల మోతలో నిలబడి పనిచేసే మనిషికి కావలసిన మాంసకృత్తులు తక్కువ ధరలో దొరికే మార్గమది. అయితే గుడ్డును ఎక్కువమందికి వండే పద్ధతులు మన వంటగదులలో రెండే కనబడతాయి. ఒకటి, ఉడికించి పులుసులో వేయడం. రెండవది, అట్టు. ఉడికించిన గుడ్డు సులభమే గాని వారానికి మూడుసార్లు అదే పులుసు వస్తే కంచం ముందు ముఖాలు మారతాయి. అట్టు అందరికీ ఇష్టమే; కాని ఒక్కొక్క అట్టుకు మూడు నిమిషాల చొప్పున లెక్కవేస్తే 40 మందికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ వండే ఆమె పొయ్యి ముందునుండి కదలడానికి ఉండదు. మొదట తిన్నవాడు చేయి కడుక్కొని సాంచా దగ్గరకు వెళ్లిపోయేటప్పటికి చివరివాడు ఇంకా వరుసలోనే నిలబడి ఉంటాడు.

మూడవ పద్ధతి ఒకటి ఉన్నది. గుడ్లన్నీ ఒకేసారి గిలకొట్టి, వేయించిన కూరగాయలతో కలిపి, వెడల్పయిన పళ్లేలలో పోసి, ఆవిరి మీద గట్టిపరచి, ముక్కలుగా కోసి వడ్డించడం. ప్రపంచంలో ఇది చాలాచోట్ల ఉన్నదే. ఫ్రాన్సు దేశపు లొరేన్ ప్రాంతంలో పిండితో చేసిన గిన్నెలాంటి రొట్టెలో గుడ్డు, పాలు, మీగడ పోసి కాల్చే వంటకాన్ని కీష్ అంటారు. ఆ పిండి గిన్నెను తీసివేసి గుడ్డును మాత్రమే పళ్లెంలో కాల్చుకోవడం ఇటీవలి కాలంలో ఇళ్లలో బాగా వాడుకలోకి వచ్చింది. ఇటలీవారి ఫ్రిటాటా, ఇరాన్‌వారి ఆకుకూరల కూకూ దీనికి దగ్గరి చుట్టాలు. జపాన్‌లో గుడ్డును పలచని రసంతో కలిపి చిన్న గిన్నెలలో ఆవిరి మీద ఉడికించే చవాన్‌ముషి అనే వంటకం ఉన్నది. ఓవెన్ లేని మన వంటగదులకు వీటన్నిటిలో ఈ చివరిది చూపిన దారి నచ్చుతుంది. ఇడ్లీ, కుడుము ఎరిగిన తెలుగింటికి ఆవిరి వంట కొత్తగా నేర్పవలసినది కాదు. అందుచేత ఈ పాఠంలో దీనిని గుడ్డు కుడుము అని పిలుస్తున్నాము. పేరు కొత్తదే, పని మాత్రం పాతది.

పాత్రలు, కొలతలు

భివండీలో ఉండడం వలన కలిగిన సౌకర్యాలలో ఢోక్లా స్టీమర్ ఒకటి. స్టీలు సామాన్ల దుకాణాలలో దొరికే ఈ పాత్రలో చదునైన పళ్లేలు ఒకదానిపై ఒకటి అమరుతాయి. ఇడ్లీ పాత్రలోని గుంటల పళ్లేలకు బదులు ఇటువంటి చదును పళ్లేలే గుడ్డు కుడుముకు కావాలి. ఢోక్లా స్టీమర్ లేకపోతే పెద్ద దేగిసాలో అడుగున ఇనుప వలయం పెట్టి, నీళ్లు పోసి, అంచు ఉన్న స్టీలు పళ్లేలను నడుమ ఆధారాలతో నిలబెట్టుకోవచ్చు. నీరు మరుగుతున్నప్పుడు పళ్లెం అడుగును తాకకుండా ఉంటే చాలు.

ఈ పాఠంలోని కొలత 25 సెంటీమీటర్ల వెడల్పు, కనీసం 4 సెంటీమీటర్ల ఎత్తు అంచు ఉన్న నాలుగు గుండ్రని పళ్లేలకు సరిపోతుంది. వాటికి 60 గుడ్లు, అంటే దుకాణంలో దొరికే 30 గుడ్ల ట్రేలు రెండు కావాలి. పాలు 600 మిల్లీలీటర్లు. ఉల్లిగడ్డలు ఒక కిలో, పాలకూర ఒక కిలో, క్యాబేజీ ఒక కిలో. పచ్చిమిరపకాయలు తినేవారి అలవాటును బట్టి 25 నుండి 30. అల్లం వెల్లుల్లి ముద్ద నాలుగు పెద్ద చెంచాలు, పసుపు రెండు చిన్న చెంచాలు, ఉప్పు ఎనిమిది చిన్న చెంచాలు తలకొట్టి, నూనె ఒక చిన్న గ్లాసు. కొత్తిమీర, కరివేపాకు, జీలకర్ర ఉండనే ఉంటాయి. దీనితో పళ్లేనికి 12 చొప్పున 48 ముక్కలు వస్తాయి. 40 మందికి ఒక్కొక్క ముక్క ఇస్తే ఎనిమిది మిగులుతాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. 60 గుడ్లను 48 ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్కలో గుడ్డుంపావు ఉంటుంది. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక ముక్కకు ఏడున్నర గ్రాములు. రెండు గుడ్ల అట్టు తిన్నవాడికి దొరికేది ఇంతకంటే ఎక్కువ. పళ్లెంలో ముక్క పెద్దదిగా కనబడడానికి కారణం అందులోని కూరగాయలు. కాబట్టి ఇది అన్నం, పప్పులతో పాటు పెట్టే వంటకమే తప్ప వాటికి బదులు కాదు. గుడ్డు కుడుమే ప్రధానంగా పెట్టదలచినప్పుడు మనిషికి రెండు ముక్కలు ఇవ్వాలి. అప్పుడు ఈ కొలత 24 మందికే సరిపోతుంది.

గుడ్లు కొనేచోట కూడా కొంత లెక్క ఉన్నది. టోకు వ్యాపారంలో పెట్టె అంటే 210 గుడ్లు, ఏడు ట్రేలు. జాతీయ కోడిగుడ్ల సమన్వయ సంఘం, అందరూ నెక్ అని పిలిచేది, 1982 నుండి పనిచేస్తున్నది. ఆయా కేంద్రాలలో నూరు గుడ్లకు ధరను ప్రకటించేది అదే. చిల్లర ధర దానికంటే ఎక్కువగా ఉంటుంది గాని, ప్రకటిత ధర తెలిసి ఉంటే దుకాణదారుతో మాట్లాడడం సులభం. నెలకు నాలుగైదు వందల గుడ్లు వాడే బిస్సీ ట్రేల లెక్కన కాక పెట్టెల లెక్కన కొనడమే మేలు. మరొక సంగతి: 2022–23 లెక్కలలో దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది మూడవ స్థానం.

అసలు శత్రువు నీరు

ఈ వంటను మొదటిసారి చేసినవారిలో చాలామంది ఎదుర్కొనే చిక్కు ఒక్కటే. మూత తీసి చూస్తే కుడుము పొంగి అందంగా ఉంటుంది. కోయగానే ముక్క చుట్టూ పచ్చని నీరు ఊరుతుంది. గుడ్డు ఉడకలేదేమోనని మళ్లీ ఆవిరి మీద పెడితే నీరు ఇంకా పెరుగుతుంది. ఆ నీరు ఎక్కువగా కూరగాయలది. పాలకూరలో తొంభై శాతానికి మించి నీరే ఉంటుంది. టమాట, సొరకాయ, క్యాబేజీ కూడా అంతే. పచ్చి కూరను గుడ్డులో కలిపితే గుడ్డు గట్టిపడే సమయంలోనే అది నీరు విడుస్తుంది. గట్టిపడుతున్న గుడ్డుకు ఆ నీటిని పట్టి ఉంచే శక్తి ఉండదు.

అందువలన కూరగాయల నీటిని గుడ్డు దాకా రానీయకూడదు. ఉల్లిగడ్డలను సన్నగా తరిగి, సగం నూనెలో, సగం ఉప్పు వేసి, నీరు ఇంకి అంచులు రంగు మారే దాకా వేయించాలి. క్యాబేజీని సన్నగా తరిగి విడిగా, మూత పెట్టకుండా, పెద్ద మంట మీద వేయించాలి; మూత పెడితే ఆవిరి తిరిగి నీరై అందులోనే పడుతుంది. పాలకూరను కడిగి, తరిగి, వేడి బాణలిలో వాడిపోయే దాకా తిప్పి, చల్లారిన తరువాత శుభ్రమైన చేతితో గట్టిగా పిండాలి. పిండిన నీటిని పారబోయనక్కరలేదు, పప్పులో వేసుకోవచ్చు. మూడు కిలోల పచ్చి సరుకు ఈ విధంగా దాదాపు కిలోన్నర నుండి కిలో ముప్పావుకు దిగుతుంది. అంతకంటే ఎక్కువ మిగిలిందంటే నీరు ఇంకా లోపల ఉన్నదని అర్థం.

టమాట వేయదలచినవారు గింజల గుజ్జు తీసివేసి కండ మాత్రమే వాడాలి. సొరకాయ తురిమి, ఉప్పు చల్లి, పావుగంట ఆగి పిండాలి. ఉడికించిన ఆలుగడ్డ అన్నిటికంటే నమ్మదగినది. నీరు విడవకపోగా ఉన్న నీటిని పీలుస్తుంది. గోంగూర విషయం వేరు. తెలంగాణ, ఆంధ్ర ఇళ్లలో గోంగూర గుడ్డు కలయిక చాలామందికి ప్రీతి. దాని పులుపుకు పాలు విరుగుతాయి. గోంగూరతో చేసేటప్పుడు పాలు పూర్తిగా మాని, పుల్లని గుజ్జును బాగా దగ్గరపడే దాకా నూనెలో మగ్గించి కలుపుకోవాలి.

నిన్నటి పావు రొట్టెలు మిగిలి ఉంటే పళ్లేనికి రెండు చొప్పున పొడిచేసి, ఆ పాలలోనే నానబెట్టి కలపవచ్చు. మిగిలిన తేమను రొట్టె పట్టి ఉంచుతుంది, ముక్క కూడా కోతకు గట్టిగా నిలుస్తుంది. మిగిలిన అన్నాన్ని మాత్రం ఇందులో వాడరాదు. గది వేడిలో రాత్రంతా ఉన్న అన్నంలో పుట్టే విషం తిరిగి ఉడికించినా పోదు.

పాల కొలతను పెంచే కోరిక చాలామందికి కలుగుతుంది. 15 గుడ్లకు 150 మిల్లీలీటర్లు తక్కువనిపిస్తుంది. జపాన్‌వారి చవాన్‌ముషిలో గుడ్డుకు మూడింతల రసం పోస్తారన్నది నిజమే. కాని దానిని గిన్నెలోనే చెంచాతో తింటారు, కోయరు. కోసి, నలభై కంచాలలో విరగకుండా పెట్టవలసిన కుడుముకు ఇక్కడ చెప్పినంత పాలే హద్దు.

గుడ్లను ముందుగా నీళ్లలో వేసి చూడడం మంచి అలవాటు. మునిగి పడుకున్నది తాజాది, పైకి తేలినది చాలా పాతది. దానిని పక్కన పెట్టాలి. పెంకు మీద పగులు ఉన్నవాటిని కొనేటప్పుడే తిప్పి ఇవ్వాలి. కొన్న వెంటనే గుడ్లన్నీ కడిగి దాచడం శుభ్రత అనిపిస్తుంది గాని మంచిది కాదు. పెంకు మీద సహజంగా ఉండే రక్షణ పొర దానితో పోతుంది. వంటకు తీసిన గుడ్లను మాత్రం అప్పుడే కడిగి తుడిచి, ఒక్కొక్కటిగా చిన్న గిన్నెలో కొట్టి చూసి, ఆ తరువాతే పెద్ద గిన్నెలోకి వంచాలి. ఈ చిన్న గిన్నె వలన పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. యాభై తొమ్మిది మంచి గుడ్లలో ఒక చెడిన గుడ్డు పడితే పోయేది రెండు ట్రేలు.

గిలకొట్టడానికి మజ్జిగ కవ్వం చాలు. తెల్లసొన చారలు కనబడకుండా కలిస్తే ఆపివేయాలి. నురగ వచ్చే దాకా చిలికితే కుడుము ఆవిరి మీద పొంగి, దించగానే కూలిపోతుంది. పాలు, మిగిలిన ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, మిరపకాయలు, కొత్తిమీర కలిపి పది నిమిషాలు వదిలితే ఉన్న కొద్ది నురగ కూడా అణుగుతుంది.

మంట

తెల్లసొన 62 డిగ్రీల వద్ద చిక్కబడడం మొదలుపెడుతుంది. పచ్చసొన 65, 70 డిగ్రీల నడుమ. పాలు కలిసిన గుడ్డు పూర్తిగా గట్టిపడడానికి 80 డిగ్రీల దాకా పోవాలి. అంతకు మించి చాలాసేపు వేడి తగిలితే మాంసకృత్తుల అల్లిక బిగుసుకొని, పట్టి ఉంచిన నీటిని బయటకు నెట్టివేస్తుంది. కుడుములో తేనెపట్టువంటి రంధ్రాలు కనబడితే మంట ఎక్కువైనదన్నమాట. మరిగే నీటి ఆవిరి 100 డిగ్రీలు కనుక ఆవిరి వంటలో ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. ఇడ్లీకి పెట్టినట్టు పెద్ద మంట పెట్టకూడదు.

పళ్లేలకు నూనె రాసి, పలచగా శనగపిండి చల్లి, చల్లారిన కూరను నాలుగింటిలో సమానంగా పరచాలి. గుడ్ల మిశ్రమం మొత్తం దాదాపు 3.3 లీటర్లు ఉంటుంది. గరిటె లెక్కతో పళ్లేనికి 825 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే రెండున్నర సెంటీమీటర్ల మందం వస్తుంది. ముందుగా నీటిని మరిగించి, మంట తగ్గించి, అప్పుడు పళ్లేలు పెట్టాలి. పై పళ్లెం అడుగునుండి కారే నీటిబొట్లు కింది కుడుము మీద పడకుండా ప్రతి పళ్లెం మీదా అరిటాకు ముక్క గాని, పలచని స్టీలు మూత గాని కప్పాలి. పై మూతకు బట్ట చుట్టి, కొద్దిగా ఓరగా ఉంచాలి. పన్నెండు నిమిషాలకు ఒకసారి అడుగు పళ్లేన్ని పైకి, పై పళ్లేన్ని అడుగుకు మార్చాలి. అడుగున ఉన్నది ఎప్పుడూ ముందుగా ఉడుకుతుంది. మొత్తం 20 నుండి 25 నిమిషాలు.

నడిమధ్యన కత్తి దింపి తీస్తే తడి అంటకుండా రావాలి. పళ్లెం కదిపితే మధ్యభాగం కొద్దిగా వణకవచ్చు, అలలాడకూడదు. వంట ఉష్ణమాపకం ఉన్నవారు నడుమ 75 డిగ్రీలు చూసుకుంటే నిశ్చింత. గుడ్డు వంటకాలలో హానికర క్రిములు నశించడానికి 71 డిగ్రీలు చేరడం తప్పనిసరి. దించిన తరువాత పది నిమిషాలు ఆగి కోయాలి. ఈ విరామంలో నూనె కాచి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు వేసి పైన పోస్తే అంతవరకు పరాయిదిగా తోచిన వంటకం మన ఇంటిదవుతుంది.

పరిచయమున్న పావు బేకరీ దగ్గరలో ఉంటే, వారు ఒప్పుకుంటే, రొట్టెల వాయి దిగిన తరువాత పొయ్యిలో మిగిలే వేడిలో కూడా దీనిని కాల్చవచ్చు. ఓవెన్ లెక్కలో 180 డిగ్రీలు, అరగంట. పైన బంగారు రంగు వస్తుంది, రుచి కూడా పెరుగుతుంది. ప్రతివారం ఆధారపడదగిన మార్గం కాదు.

కోత

తెలంగాణలో 2015 జనవరి 1 నుండి అమలులో ఉన్న ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు దినానికి ఒక గుడ్డు, పాలు ఇస్తారు. బడులలోనూ పిల్లలకు పెట్టేది ఉడికించిన గుడ్డే. ఆ వంటలో చవక, సౌలభ్యం ఉన్నాయి. వాటికి మించినది, అది లెక్కకు దొరుకుతుంది. నా గుడ్డు నాకు వచ్చిందా లేదా అని చిన్నపిల్ల కూడా చెప్పగలదు.

గుడ్డు కుడుముకు ఆ సౌకర్యం లేదు. గుడ్లు కలిసిపోయాక ఎన్ని వేశారో కంటికి కనబడదు. నెల మొదట్లోనే డబ్బు కట్టి తినే చోట ఈ అనుమానం చిన్నది కాదు; బిస్సీలలో మాటలు పెరిగేది ధర మీద కంటే ముక్క మీదనే. అందువలన పంపకం కత్తి దగ్గర కాక, పళ్లెం నింపేటప్పుడే జరగాలి. కూరను తూచి పరచడం, మిశ్రమాన్ని కొలిచి పోయడం అందుకే. ఈ రోజు ఎన్ని ట్రేలు కొట్టారో గోడ మీది పలక మీద ఒక అంకె రాస్తే మరీ మంచిది.

గుండ్రని పళ్లేన్ని పది ముక్కలుగా సమానంగా కోయడం నిపుణులకు కూడా కష్టం. పన్నెండు సులభం: మొదట సగం, ఆపై నాలుగు పాళ్లు, ఒక్కొక్క పాలును మూడు. ప్రతి ముక్కకు కొంత అంచు, కొంత నడిమి భాగం వస్తాయి కనుక గట్టి ముక్క, మెత్తని ముక్క అన్న భేదం ఉండదు. చతురస్రపు పళ్లెమైతే మూడు గీతలు ఇటు, రెండు గీతలు అటు గీస్తే పన్నెండు. కాని అందులో మూలముక్కలు, నడిమి ముక్కలు వేరుపడతాయి. ఈ కారణం చేతనే గుండ్రని పళ్లేన్ని సిఫారసు చేయవలసి వస్తున్నది.

రాత్రి పాళీ

సాంచాలు పగలూ రాత్రీ నడుస్తాయి, భోజనానికి వచ్చేవారు రెండు విడతలుగా వస్తారు. రాత్రి పాళీవారికి సాయంత్రం వండినది మూతపెట్టి ఉంచడం చాలాచోట్ల అలవాటు. పప్పుకు, పులుసుకు కొంతవరకు సాగే ఈ అలవాటు గుడ్డు కుడుముకు సాగదు. ఉడికిన గుడ్డు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. ఏప్రిల్, మే నెలలలో, 32 డిగ్రీలు దాటిన రోజులలో, ఒక గంటకు మించకూడదు. చూపుకు, వాసనకు తేడా తెలియదు. ఒకే వంట నలభై మంది తిన్నప్పుడు ఒక్కరికి వచ్చిన కడుపునొప్పి నలభై మందికీ వస్తుంది, మరునాడు కూలి కూడా పోతుంది.

ఈ వంటకంలోని అసలు సౌలభ్యం ఇక్కడ బయటపడుతుంది. నాలుగు పళ్లేలూ ఒకేసారి పెట్టనక్కరలేదు. సాయంత్రం రెండు పళ్లేలు. మిగిలిన ముప్పై గుడ్లను పెంకులోనే ఉంచి, రాత్రివారు వచ్చేందుకు ముప్పావుగంట ముందు కొట్టి మిగిలిన రెండు పళ్లేలు. పెంకులో ఉన్న గుడ్డు దాచుకోదగినది, కొట్టి కలిపిన గుడ్డు కాదు. వేయించిన కూరను ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేనిచోట రాత్రి భాగానికి కూరను కూడా అప్పుడే వేయించాలి. అట్టు పద్ధతిలో రాత్రి మరో గంట నిలబడవలసిన మనిషికి ఈ రెండవ వాయిలో పొయ్యి దగ్గర పని పది నిమిషాలే. కొద్దిమంది మాత్రమే ఆలస్యంగా వస్తారనుకుంటే వారి ముక్కలను సన్నని మంట మీది ఆవిరి పాత్రలోనే, 60 డిగ్రీలకు తగ్గకుండా, ఉంచవచ్చు. ముక్క కొంత బిరుసెక్కుతుంది, ప్రమాదం ఉండదు.

గుడ్డు తినని వారు

ఏ బిస్సీలోనైనా శనివారమో సోమవారమో గుడ్డు ముట్టనివారు, శ్రావణంలో పూర్తిగా మానేవారు ఉంటారు. వారికి అదే కూరతో శనగపిండి కుడుము చేయవచ్చు. ఒక పళ్లేనికి అరకిలో శనగపిండి, దాదాపు 700 మిల్లీలీటర్ల మజ్జిగ, రెండు చిన్న చెంచాల ఉప్పు, కొద్దిగా వాము. అరగంట నానబెట్టి, కూర కలిపి, అదే మందంలో పోసి, అరగంట ఆవిరి పట్టాలి. దీని పళ్లెం, కత్తి, గరిటె వేరుగా ఉండాలి. స్టీమర్‌లో స్థలం చాలక గుడ్డు పళ్లేలతో కలిపి పెట్టవలసి వస్తే, తినేవారిని ముందుగా అడిగి పెట్టాలి. అడగకుండా పెట్టి తరువాత చెప్పడం సబబు కాదు.

ఖర్చు, కాగితం, చెత్త

పదిమందికి అన్నం పెట్టే స్త్రీ చేసేది వ్యాపారమేనన్న సంగతిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. బొంబాయి మిల్లు పేటలలో కార్మికులకు భోజనం వండిపెట్టే మహిళలను కూడగట్టి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండలిని స్థాపించారు. వడ్డీ వ్యాపారుల చేతిలో ఉన్న ఆ వంటగదులకు బ్యాంకు అప్పు దొరకడం అక్కడినుండి మొదలైంది. భివండీలో బిస్సీ నడిపే తెలుగు మహిళలకు ఆ చరిత్ర దూరపుది కాదు. రైలు దారిలో కొద్ది గంటల ప్రయాణం కూడా కాదు.

డబ్బు తీసుకొని వండిపెట్టే ప్రతి వంటగదీ 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద నమోదు కావాలి. చిన్న వ్యాపారులకు ఇది పెద్ద లైసెన్సు కాదు, సాధారణ నమోదు మాత్రమే. నమోదు కాగితం గోడ మీద ఉంటే బ్యాంకులో మాట్లాడడానికి కూడా అది ఒక ఆధారం. ఇంటి వాడకానికి ఇచ్చే 14.2 కిలోల గ్యాసు సిలిండరును బిస్సీ వంటకు వాడడం నియమవిరుద్ధం. 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోవాలి. దాని ధర ఎక్కువన్నది అందరికీ తెలిసినదే. నలభై అట్లకు రెండు గంటలు వెలిగే పొయ్యి, ఇక్కడ కూర వేయింపు, ఆవిరి కలిపి గంటంపావులో ఆరిపోవడం ఆ సందర్భంలో గమనించదగినది.

గుడ్డు పెంకులు తడిచెత్తలో వేయాలి. పొడి అట్ట ట్రేలు పొడిచెత్తలోకి పోతాయి. గుడ్డు సొన అంటిన ట్రేను కూరగాయలు, రొట్టెలు పెట్టుకోవడానికి తిరిగి వాడకూడదు. పళ్లేలను కడిగేటప్పుడు అంటుకున్న గుడ్డును వేడినీటితో కడిగితే అది ఉడికి మరింత పట్టుకుంటుంది. ముందు చన్నీటిలో నానబెట్టి, గోకి, ఆ తుక్కును తడిచెత్తలో వేసి, ఆపైన వేడినీరు, సబ్బు. తుక్కు మోరీలోకి పోతే వానాకాలంలో ఆ గల్లీకే తిరిగి వస్తుంది.

అభ్యాసం

ఒక బిస్సీలో 26 మంది తింటారు. అందులో సగం మంది, అంటే 13 మంది, రెండవ ముక్క అడుగుతారు. ఎన్ని గుడ్లు కావాలి?

కావలసిన ముక్కలు 39. మూడు పళ్లేలలో 36 ముక్కలు వస్తాయి. వాటికి 45 గుడ్లు, 450 మిల్లీలీటర్ల పాలు. మిగిలిన మూడు ముక్కల కోసం నాలుగవ పళ్లెం పెట్టనక్కరలేదు. నాలుగు గుడ్లు, 40 మిల్లీలీటర్ల పాలు, ఒక గుప్పెడు వేయించిన కూర కలిపి చిన్న స్టీలు గిన్నెలో పోసి, పై పళ్లెం పక్కన పెడితే సరిపోతుంది. మొత్తం 49 గుడ్లు. రెండు ట్రేలు తెచ్చి ఉంటే 11 గుడ్లు మరునాటి పులుసుకు మిగులుతాయి.